చిలుకూరు దారిలో అడవి పునరుద్ధరణ నడక: మా అనుభవం

చిలుకూరు దారిలో క్షీణించిన ఒక అటవీ భాగంలో స్వచ్ఛంద బృందమొకటి ఆదివారాల్లో నిర్వహించే పునరుద్ధరణ నడకకు మా అమ్మాయితో కలిసి వెళ్లాను. మొక్క నాటి ఫోటో దిగి వెళ్లిపోయే కార్యక్రమం కాదిది. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి మన గుట్టలను కమ్మేసిన లాంటానా అనే పొదను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది కనుక, పొద మొదలు దగ్గర మట్టి తవ్వి, కాండం వేరుగా మారే చోటుకు కాస్త దిగువన కోసి, తీసిన పొదను తలకిందులుగా ఉంచే పద్ధతిని నిర్వాహకులు మా చేత ఓపికగా చేయించారు. పిట్టలు దాని పండ్లు తిని విత్తనాలు వెదజల్లుతాయి కాబట్టి ఏళ్ల తరబడి ఈ పని చేయవలసిందేనని దాచకుండా చెప్పారు. ఆ నిజాయితీ నాకెంతో నచ్చింది.

పొద తొలగించిన చోట, ఎండ తగిలిన నేలలో, కాడకు మూడేసి ఆకులతో జానెడు మోదుగ మొక్క బయటపడింది. మా అమ్మాయి దాని చుట్టూ రాళ్లు పేర్చింది.

లోపాలూ ఉన్నాయి. పిల్లల చేతులకు సరిపోయే తొడుగులు లేకపోవడంతో ఆమె అరచేయి గీసుకుపోయింది. చెట్ల పలకలపై శాస్త్రీయ నామాలే ఉన్నాయి. మోదుగ, మద్ది, కానుగ అనే మన పేర్లు తెలుగులో తప్పక రాయాలి. రుసుము తీసుకోలేదు. వచ్చే నెల మళ్లీ వెళుతున్నాము.