అంబాసిడర్ డ్రమ్ము బ్రేకులు: లైనర్లను ఎన్నిసార్లు మార్చినా తీరని తిప్పలు

డ్రమ్ము బ్రేకుల బండి ఆగదని చెప్పేవాళ్ళలో సగం మంది సరిగ్గా సెట్ చేసిన డ్రమ్ము బ్రేకును ఒక్కసారైనా తొక్కి ఉండరు. మా ఇంట్లో ఉన్నది 1986 మార్క్ 4 అంబాసిడర్, పెట్రోలుది. నాన్న నడిపిన బండి, ఆయన తర్వాత నా చేతికొచ్చింది. కాణిపాకం రోడ్డులో ముందు పోయే ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగినా, నిలబెట్టి ఆపిన బ్రేకు ఇది.

మా బండికి బూస్టరు, అంటే పెడల్ బరువు తగ్గించే పరికరం, లేదు. అయినా కాలికి పెద్ద బరువు తెలియదు. చక్రంతో పాటు తిరిగే గుండ్రటి ఇనుప డబ్బా డ్రమ్ము. దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే వంపు ముక్క షూ, దాని మీద అతికించిన రాపిడి పట్టీయే లైనరు. షూలను ఆయిలు ఒత్తిడితో తోసేవి సిలిండర్లు, ముందు చక్రాలకు రెండేసి ఉంటాయి. షూ ఒకసారి డ్రమ్మును తాకిందంటే, ఆ తిరిగే డ్రమ్మే షూను ఇంకా తనవైపు లాక్కుంటుంది. మనం తొక్కేది కొంత, అది పట్టేది ఎక్కువ. రివర్సులో మాత్రం ఈ లాభం ఉండదు. మా వీధి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వెనక్కి దిగేటప్పుడు ఈ తేడా నాకు రోజూ తెలుస్తుంది.

ఇంత మెచ్చుకునే బ్రేకే ఒక మామిడి సీజనంతా నన్ను ఏడిపించింది.

పలమనేరు నుంచి చిత్తూరులో మా ఇంటికి వస్తూ మొగిలి ఘాట్ దిగాక స్టీరింగు ఎడమకు లాగడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కినా బండి బరువుగా కదులుతోంది. బంగారుపాళ్యం దగ్గర తోతాపురి కాయల ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటే వాటి వెనకాల ఆపి దిగాను. ఎడమ ముందు చక్రం దగ్గర కాలిన వాసన. సీసాలోంచి నాలుగు చుక్కలు చిలకరిస్తే చుయ్యిమని ఆవిరైపోయాయి. మొత్తం సీసా మాత్రం ఎప్పుడూ గుమ్మరించకండి, కాగిన పోత ఇనుము డ్రమ్ము పగిలే ప్రమాదం ఉంది. చల్లారేదాకా చెట్టు కింద కూర్చుని, ఆ తర్వాత మెల్లగా ఇల్లు చేరాను. పొద్దున లేచి చూస్తే చక్రం హాయిగా తిరుగుతోంది, ఏమీ ఎరగనట్టు.

ఇక్కడి నుంచే నా కోపం మొదలు. ఊళ్ళో చూపించిన గ్యారేజీలో మొదట లైనర్లు అన్నారు, మార్చారు. కొన్నాళ్ళు బాగుంది, మళ్ళీ అదే. తర్వాత సిలిండర్ లోపలి రబ్బరు కప్పులన్నారు. ఆ తర్వాత డ్రమ్మును లేతు మిషన్‌కు పట్టించి లోపలి వైపు చెక్కించారు. స్ప్రింగులు సాగిపోయాయని చెన్నై పుదుప్పేట నుంచి తెప్పించి మరీ వేశారు. విప్పి బిగించి బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీసిన ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండేది. ఆ నాలుగు రోజుల బాగే అందరినీ మోసం చేసింది. షూను కాస్త లూజుగా సెట్ చేస్తే రాసుకోవడం ఆలస్యంగా మొదలవుతుంది, అంతే, రోగం తగ్గినట్టు కాదు. పైగా లేతుకు పట్టిన ప్రతిసారీ డ్రమ్ము పలచబడుతుంది, పలచబడినది ఇంకా తొందరగా కాగుతుంది. నా డబ్బుతోనే నా డ్రమ్మును అరగదీశారని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరికి తిరుపతి రోడ్డులో లారీలకు బ్రేకులు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన జాకీ జోలికి పోలేదు. టీ తాగుతూ ఒకటే అడిగాడు.

“తొక్కేటప్పుడు యాడికి లాగతాది స్వామీ? ఇడిసినాక యాడికి పోతాది?”

“తొక్కినప్పుడు కొంచెం కుడికి పోతాదన్నా. వదిలేసినాక ఎడమకు లాగతాది.”

“అట్లయితే లైనర్ల పాపం ఏం లేదులే.”

ఆ మాట వెనక లెక్క ఇది. బ్రేకు తొక్కగానే బండి కుడికి పోయిందంటే కుడి చక్రం ముందు పట్టింది, ఎడమది ఆలస్యమైంది. వదిలాక ఎడమకు లాగిందంటే కుడిది వదిలేసింది, ఎడమది ఇంకా పట్టుకునే ఉంది. పోవడమూ ఆలస్యమే, రావడమూ ఆలస్యమే అంటే ఆ చక్రానికి పోయే దారిలో ఆయిలుకు ఏదో అడ్డం ఉంది. నాలుగు చక్రాలూ పట్టేస్తే పెడల్ దగ్గర నుంచి అన్ని చక్రాలకూ ఆయిలును తోసే మాస్టర్ సిలిండర్‌నో, పెడల్‌కు ఫ్రీ ప్లే (తొక్కగానే మొదట ఉండే కాస్త ఖాళీ కదలిక) లేకపోవడాన్నో అనుమానించాలి. పట్టేది ఒక్క చక్రమే అయితే వెతకాల్సింది ఆ చక్రం దగ్గరే.

తర్వాత జాకీ ఎత్తి నన్ను బ్రేకు బాగా తొక్కి వదలమన్నాడు. ఎడమ చక్రం చేత్తో తిప్పితే కదల్లేదు. గాలి తీసే నిప్పిల్‌ను కొంచెం లూజు చేయగానే ఆయిలు చర్రున చిమ్మి, చక్రం వదిలేసింది. అంటే లోపల ప్రెషర్ ఇరుక్కుపోయి ఉంది, షూ తుప్పు పట్టి అతుక్కోవడం కాదు. నిప్పిల్ బిగించి మళ్ళీ తొక్కించాడు. ఈసారి రబ్బరు హోసుకు పైన, ఇనుప పైపు కలిసే చోట లూజు చేశాడు. నాలుగు బొట్లు కారాయి కానీ చక్రం బిగుసుకునే ఉంది. పైన తెరిస్తే వదలదు, కింద తెరిస్తే వదులుతుంది. మధ్యలో ఉన్నది హోసు ఒక్కటే.

దాన్ని ఊడదీసి కత్తితో నిలువునా చీల్చి చూపించాడు. పైకి కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది. లోపల రబ్బరు ఉబ్బి, మధ్య రంధ్రంలో అగ్గిపుల్ల కూడా దూరనంత మూసుకుపోయింది. కాలి బలానికి ఆయిలు దాన్ని తోసుకుని చక్రం దాకా పోతుంది. తిరిగి రావాలంటే నెట్టేది షూ స్ప్రింగులే, వాటికంత బలం లేదు. పట్టి ఉన్న షూ రాసుకుని వేడెక్కుతుంది, వేడికి ఆయిలు వ్యాకోచించి ఇంకా పట్టేస్తుంది. రాత్రికి చల్లారి, ఆయిలు మెల్లగా వెనక్కి జారి, పొద్దుటికి చక్రం ఫ్రీ అవుతుంది. గ్యారేజీకి తీసుకెళ్ళిన ప్రతి ఉదయమూ బండి బాగానే ఉండడానికి కారణం అదే.

ముందు రెండు, వెనక యాక్సిల్‌కు పోయేది ఒకటి, మొత్తం మూడు హోసులూ మార్పించాను. ఆయిలు కూడా పూర్తిగా తీసి కొత్తది పోయించాను. అన్నీ కలిపినా అంతకుముందు లైనర్లకు పెట్టిన దానిలో చిన్న భాగం. ఆ రోజు నుంచి మళ్ళీ ఆ వాసన రాలేదు.

డ్రమ్ము మూసి ఉంటుంది కాబట్టి దుమ్ము చేరదు, చాలాకాలం మన్నుతుంది అని అందరితో చెప్పేవాణ్ణి. లైనర్ల మన్నిక విషయంలో అది ఇప్పటికీ నిజమే. కానీ అరిగిన పొడి బయటికి పోయే దారి కూడా లేదు, కీచుమనే శబ్దం ఎక్కువగా దానివల్లే. పాత లైనర్లలో, పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండేది కాబట్టి ఆ పొడిని ఎయిర్ గొట్టంతో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి. ఇంకొకటి, వాన నీళ్ళు నిలిచిన అండర్‌బ్రిడ్జిలోంచి వచ్చాక మొదటి తొక్కుడుకు బ్రేకు ఉన్నట్టే అనిపించదు. కొంత దూరం కాలు ఆనించి నడిపితే గానీ ఆరదు.

ఘాట్ సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. కాగిన డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరమవుతుంది, పెడల్ కిందికి దిగుతుంది, లైనరు పట్టూ తగ్గుతుంది. మొగిలి దిగేటప్పుడు సెకండ్ గేరులో ఇంజన్ మీదే ఆధారపడతాను. వెనకాల హారన్లు కొట్టేవాళ్ళు కొట్టుకుంటారు. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు గానీ, తేమ పీల్చాక ఆ హద్దు 140 దగ్గరికి పడిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్పిస్తున్నాను.

డ్రమ్ములు తీసేసి డిస్కు బ్రేకులు పెట్టించమని మా బావమరిది పోరుతుంటాడు. ఇదే బండి తర్వాతి మోడళ్ళకు ముందు డిస్కులు వచ్చాయి, కాబట్టి అది వింత పనేం కాదు. నేను పెట్టించలేదు. నా తిరుగుడంతా చిత్తూరు, కాణిపాకం, ఎప్పుడన్నా పలమనేరు. స్క్రూడ్రైవర్‌తో షూ సెట్ చేయడానికి నాకు ఓపికుంది, చక్రం ఆగేదాకా బిగించి ఒక క్లిక్ వెనక్కి తిప్పితే సరిపోతుంది. బ్రేకు గురించి తెలిసిన పెద్దాయన పావుగంట దూరంలో ఉన్నాడు. మదనపల్లె వైపు ఉండి వారం వారం హార్స్లీ హిల్స్ ఎక్కి దిగేవాణ్ణయితే, లేదా ఈ బండిని మా అమ్మాయి కూడా నడిపేదైతే, బావమరిది మాటే వినేవాణ్ణేమో. మీ డ్రమ్ములు ఇప్పటికే లేతులో బాగా పలచబడి ఉంటే మాత్రం నా లెక్క మీకు వర్తించదు.