బుధుడా, శుక్రుడా: ఏది ఎక్కువ వేడి?

పొయ్యికి దగ్గరగా కూర్చున్నవాళ్లకే ఎక్కువ సెగ తగులుతుంది కదా! ఆ లెక్కన బుధుడే గెలవాలి. సూర్యుడి నుంచి బుధుడి దూరం సుమారు 5.8 కోట్ల కిలోమీటర్లు, శుక్రుడి దూరం 10.8 కోట్లు. అయినా ఎక్కువ వేడి శుక్రుడిదే.

బుధుడి మీద పగలు 430 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిపోతుంది. రాత్రయితే మైనస్ 180కి పడిపోతుంది. వేడిని పట్టి ఉంచే గాలి దాదాపు లేదు మరి. ధ్రువాల దగ్గర ఎండ ఎప్పుడూ పడని గుంతల్లో మంచు కూడా ఉంది!

శుక్రుడి గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడే. మందపాటి దుప్పటి కప్పినట్టు అది వేడిని బయటికి పోనివ్వదు. అందుకే పగలైనా రాత్రైనా దాదాపు 465 డిగ్రీలు. సీసం కరగడానికి 327 చాలు. పైగా గాలి ఒత్తిడి మన భూమి మీదకన్నా సుమారు 90 రెట్లు. 1982లో అక్కడ దిగిన సోవియట్ నౌక వెనెరా 13 పనిచేసింది 127 నిమిషాలే. ఆ కాసేపట్లోనే రంగు ఫొటోలు పంపింది. నాకు అది ఇప్పటికీ అద్భుతమే.

తెల్లవారుజామున తూర్పున చల్లగా మెరిసే వేగుచుక్క ఈ శుక్రుడే.