నోరున్న వేషమా, నోరులేని వేషమా: తిరుపతి, చిత్తూరుల్లో బ్రాండ్ ప్రచారానికి ఏది మేలు?

షాపు ఓపెనింగ్ కానీ, కొత్త మసాలా ప్యాకెట్ కానీ, వెంచర్ లాంచ్ కానీ, ‘ఏదన్నా వేషం పెట్టిద్దామా అన్నా’ అనే మాట ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది. ఫ్లెక్సీలు, షామియానా, సౌండు, డ్రోను అన్నీ పోను మిగిలిన డబ్బులతో ఒక టెడ్డీ బేర్‌ని తెచ్చి గేటు దగ్గర నిలబెడతారు. సాయంత్రానికి ఓనరు అడిగేది ఒకటే: ‘జనం ఫొటోలు దిగినారు సరే, లోపలికెందుకు రాలేదబ్బా?’

వేషం ఎంత ఖరీదైనదన్న దాన్నిబట్టి దీనికి జవాబు దొరకదు. మన వైపు దొరికే వేషాలు రెండు రకాలు. నోరులేనివి ఒక రకం: మస్కట్లు (మనిషి లోపల దూరి నడిచే బొచ్చు బొమ్మలు), గాలి నింపిన బొమ్మలు, ఎల్ఈడీ రోబోలు, కొయ్యకాళ్ల మీద నడిచే జోకర్లు. నోరున్నవి రెండో రకం: వీధినాటకం వేషగాళ్లు, పగటి వేషగాళ్లు. పలకలతో (డప్పులతో) వచ్చే కీలుగుర్రాల జట్టు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. మొదటి రకం జనాన్ని ఆపుతుంది, అంతవరకే. రెండోది ఆపుతుంది, నవ్విస్తుంది, పేరు పెట్టి పిలుస్తుంది, లోపలికి తోలుతుంది. మీకు కావలసింది ఏదో ముందు తేల్చుకుంటే మిగతా బేరమంతా సులువు.

మస్కట్ సంగతి ముందు చూద్దాం, ఎక్కువమంది అడిగేది అదే కాబట్టి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫోమ్ తల, ఒళ్లంతా బొచ్చుగుడ్డ, చేతులకు లావాటి గ్లౌజులు. లోపల చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆ కుర్రాడికి లోకం కనబడేది బొమ్మ నోట్లో కుట్టిన జాలీ గుండా. ఎదురుగా ఉన్నది కొంత కనిపిస్తుంది, కాళ్ల దగ్గర నిలబడ్డ మూడేళ్ల పిల్లోడు కనిపించడు, షట్టర్ ఎంత ఎత్తులో ఆగిందో తెలియదు. అందుకే మస్కట్ అంటే ఒక మనిషి కూలి కాదు. చెయ్యి పట్టి నడిపించడానికి, తోక లాగే పిల్లకాయల్ని తప్పించడానికి, ‘చాలు, పద’ అని లోపలికి తీసుకుపోవడానికి పక్కన ఇంకొకడు ఉండాల్సిందే.

ఎండాకాలంలో బయట ఇరవై నిమిషాలు నిలబడితే ఆ తర్వాత కనీసం అంతసేపన్నా తల తీసి, ఫ్యాను కింద కూర్చుని, ఉప్పు కలిపిన మజ్జిగ తాగాలి. ‘రోజంతా ఉంటాడు సార్’ అని ఏజెన్సీవాడు చెప్పినప్పుడు మనం అడగాల్సింది రేటు కాదు, ‘ఎంతమంది మారతారు?’ అని. ఒక్కడే అంటే ఆ బేరం వదిలేయండి. ఓపెనింగ్ రోజున మీ గుమ్మంలో ఒక పిల్లవాడు కళ్లు తిరిగి పడిపోతే, ఊళ్లో మీ షాపు పేరు దానితోనే తిరుగుతుంది. వాడు తల తీసుకోవడానికి జనం కంటపడని గది ఒకటి కావాలి. ఇంకోటి, చెప్పడానికి కొంచెం ఇబ్బందే: అద్దె సూట్‌ను తీసుకునే ముందు ఒకసారి వాసన చూడండి. నిన్న ఎవరి ఒంటి మీద ఉందో, ఎప్పుడు ఆరబెట్టారో అదే చెబుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు పడే ముసురులో తడిసిన బొచ్చు అంత తొందరగా ఆరదు. గాలి బొమ్మ కాస్త నయం. బ్యాటరీ ఫ్యాను లోపలికి గాలి కొడుతూనే ఉంటుంది. ఆ బ్యాటరీ అయిపోతే మాత్రం ఏనుగైనా నిలబడ్డచోటే కుదేలు.

ఇంతకీ ఆ మస్కట్ ఎవరిది? అద్దెకు తెచ్చిన టెడ్డీ ప్రచారం చేసేది టెడ్డీకే. పిల్లకాయలు ఇంటికెళ్లి ‘ఎలుగుబంటిని చూసినాం’ అంటారు తప్ప మీ బట్టల షాపు పేరు చెప్పరు. సొంత బొమ్మ ఉన్నవాళ్ల కథ వేరు. ఏషియన్ పెయింట్స్ వాళ్ల పిల్లాడి బొమ్మ గట్టుని ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీశారు, అమూల్ పాప 1966 నుంచి ఉంది. ఏళ్ల తరబడి అదే ముఖాన్ని చూపించబట్టి అవి నిలిచాయి. 2009 ఐపీఎల్‌లో వొడాఫోన్ ప్రకటనల్లో జూజూలు అనే తెల్లబొమ్మలు వచ్చినప్పుడు అవి కంప్యూటర్ బొమ్మలనే అనుకున్నారు చాలామంది. లోపల ఉన్నది తెల్ల సూట్లు తొడుక్కున్న మనుషులే. అది కూడా సీజనంతా రోజూ టీవీలో కనబడితేనే పట్టుకుంది. మీకు తిరుపతి, చిత్తూరు, మదనపల్లెల్లో మూడు బ్రాంచీలుండి, ప్రతి సంక్రాంతికీ, ప్రతి చవితికీ అదే బొమ్మను దింపే ఓపికుంటే సొంత మస్కట్ కుట్టించండి, ఆ డబ్బు గిట్టుబాటవుతుంది. ఒక్కరోజు ఓపెనింగ్‌కి మాత్రం దండగ.

కార్టూన్ వేషాలకైతే నేను గట్టిగానే వద్దంటాను. ఛోటా భీమ్ హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్ల సొత్తు. ఇంట్లో పుట్టినరోజుకి ఎవరూ అడగకపోవచ్చు. అదే భీమ్ చేత మీ లోగో ఉన్న టీషర్టు వేయించి నిలబెడితే అది వ్యాపార ప్రకటన కిందికి వస్తుంది, కాపీరైట్, ట్రేడ్‌మార్క్ రెండూ మెడకు చుట్టుకుంటాయి. సినిమా హీరోల డూపుల సంగతీ ఇంతే. తన పేరు, తన స్టైలు అనుమతి లేకుండా వాడొద్దని రజనీకాంత్ 2015లో మద్రాసు హైకోర్టు నుంచి ఉత్తర్వే తెచ్చుకున్నారు.

ఇక నోరున్న వేషాలు. చిత్తూరు వైపు పుట్టిన మనిషికి వీధినాటకాన్ని కొత్తగా పరిచయం చేయాల్సిన పనిలేదు. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరిగితే పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు కోసం తపసుమాను అనే పొడవాటి మాను ఎక్కడం, ఆఖర్న నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుణ్ణి పడగొట్టడం, ఇవన్నీ చిన్నప్పుడు చాపేసుకుని కూర్చుని చూసినవే. ఆ నాటకాల్లో ఆడేవాళ్లకు ఒక విద్య అబ్బి ఉంటుంది: నిద్రమత్తులో ఉన్న వెయ్యిమందిని ఆరుబయట తెల్లార్లూ కూర్చోబెట్టడం. గాంధీ రోడ్డులో పోయేవాణ్ణి రెండు నిమిషాలు ఆపడం అలాంటివాడికి ఒక లెక్కా?

ముఖ్యంగా హాస్యగాడు. మంచి హాస్యగాడికి స్క్రిప్టు ఇవ్వకండి, రెండే మాటలు ఇవ్వండి: షాపు పేరు, ఈరోజు ఆఫరు. మిగతాది వాడు చూసుకుంటాడు. బండి మీద భార్యను కూర్చోబెట్టుకుని పోయేవాణ్ణి చూసి ‘ఏం సామీ, అమ్మగారు చీర గురించి పొద్దన్నుంచి మూడుసార్లు అడిగినా వినపడనట్టు బండి తోల్తా ఉండావే’ అంటాడు. ఆమె నవ్వుతుంది, ఆయన బ్రేకు వేస్తాడు. పక్కనున్నవాళ్లు ఆగుతారు. ఆ నవ్వు చల్లారకముందే హాస్యగాడు గొడుగు పట్టి ఆ దంపతుల్ని రాజు, రాణి అని పిలుస్తూ మెట్ల దాకా తీసుకుపోతాడు. టెడ్డీ బేర్ పొద్దస్తమానం చేయి ఊపినా ఈ పని కాదు.

ఇబ్బందులు లేవా అంటే, ఉన్నాయి. ముఖానికి అర్దళం (వేషగాళ్ల రంగు) పూసి, కళ్లు దిద్ది, చెక్క కిరీటం, భుజకీర్తులు కట్టేసరికి గంటలు పడుతుంది. పది గంటలకు రిబ్బన్ కటింగ్ అంటే తెల్లవారేసరికే వాళ్లకు అద్దం, లైటు, నీళ్లు ఉన్న గది సిద్ధంగా ఉండాలి. ఎండాకాలంలో భారతాలు, జాతరలు వరసగా ఉంటాయి, మంచి జట్లు దొరకవు. నోరున్నవాడి నోటిని అదుపులో పెట్టడమూ కష్టమే. ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడి మీద ఒక చురక వేశాడంటే మీ ఓపెనింగ్ ఇంకో రకంగా పేరు తెచ్చుకుంటుంది. రాజకీయం, కులం, ఆడవాళ్ల ఒళ్లు, ఈ మూడింటి జోలికి పోవద్దని ముందే మర్యాదగా చెప్పాలి. కృష్ణుడు, ధర్మరాజుల చేత ప్రెషర్ కుక్కర్లు అమ్మించడం నాకు నచ్చదు, చూసేవాళ్లలోనూ సగంమందికి నచ్చదు. హాస్యగాడు, పేరులేని ఒక రాజు చాలు.

కీలుగుర్రాలు అందరికీ నచ్చే మధ్యేమార్గం. వెదురుబద్దలు, కాగితం, జరీ గుడ్డతో కట్టిన గుర్రం డొల్ల. నడుము దగ్గర దూరి, పట్టీలు భుజాలకు తగిలించుకుంటే మనిషి గుర్రం మీద కూర్చున్నట్టే ఉంటుంది, కింద గుడ్డ కుచ్చిళ్లు కాళ్లను దాచేస్తాయి. తమిళనాడు నుంచి వచ్చే జట్లయితే పొట్టి కొయ్యకాళ్లు కూడా కట్టుకుంటాయి, అడుగు పడినప్పుడల్లా టక్కుమనే చప్పుడు పలక దెబ్బతో కలుస్తుంది. ముఖం బయటే ఉంటుంది కాబట్టి ఊపిరి ఆడుతుంది, నవ్వు కనిపిస్తుంది. సర్కిల్ నుంచి షాపు దాకా చిన్న ఊరేగింపు పెట్టాలంటే దీన్ని మించింది లేదు. ఒకచోట నిలబెట్టారా, పావుగంటకే పాతబడిపోతుంది. ట్రాఫిక్ పోలీసులకు ముందే అర్జీ పెట్టుకోండి. రుయా, స్విమ్స్ ఆస్పత్రుల చుట్టుపక్కల పలకలు, మైకులు అసలే వద్దు. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు ఎక్కడైనా ఇబ్బందే.

గంగజాతర వేషాల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే బయటి ఊళ్ల నుంచి వచ్చే మార్కెటింగ్ కుర్రాళ్లు అడుగుతుంటారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు అని రోజుకో వేషం. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుని వీధుల్లో నడుస్తారు. కెమెరాకు భలే ఉంటుంది, నిజమే. కానీ అది మొక్కు. కూలికి కట్టించే వేషం కాదది. ఆ వేషంలో ఉన్నవాళ్ల చేతికి మీ పాంప్లెట్ ఇచ్చినా, అదే వేషాన్ని డబ్బిచ్చి ఇంకొకరికి వేయించినా ఊరు ఊరుకోదు, ఊరుకోకపోవడమే న్యాయం. జాతరలో కనపడాలనుకుంటే మజ్జిగ పందిరి వేసి, మీ పేరుతో ఒక బ్యానర్ కట్టుకోండి. అదే తీరున అలిపిరి దాటి తిరుమల కొండ దారి పట్టాక ఏ వేషం ఆలోచనా పెట్టుకోకండి.

నోరులేని వేషం గెలిచే చోటు ఒకటుంది, యాత్రికుల దగ్గర. రైల్వేస్టేషన్, విష్ణునివాసం, బస్టాండు ప్రాంతంలో నడిచే జనంలో తమిళులు, కన్నడిగులు, హిందీవాళ్లు ఎంతమందో. హాస్యగాడి తెలుగు వాళ్లకు అందదు, దర్శనం టైము తరుముతుంటే నిలబడి వినే తీరికా ఉండదు. చేతిలో ఇడ్లీ ప్లేటు బొమ్మ పట్టుకున్న మస్కట్ అక్కడ ఏ భాషవాడికైనా పని చేస్తుంది. మీది హోటలో, లాడ్జో, ట్రావెల్సో అయితే సరే. ఫర్నిచర్ షాపువాళ్లకు ఆ జనంతో పనేముంది? ఏసీ హాల్లో జరిగే ఎక్స్‌పోలకు, పిల్లల బ్రాండ్లకు కూడా మస్కటే. మూసిన హాల్లో పలక మోగిస్తే చెవులు చిల్లులే. ఎల్ఈడీ రోబో చీకటిపడ్డాక డీజే పక్కన బాగుంటుంది, పగలు దాని లైట్లు వెలవెలబోతాయి. ఇంతకంటే దాని గురించి చెప్పేదేమీ లేదు.

కాబట్టి చిత్తూరు హైరోడ్డులోనో, పలమనేరులోనో, తిరుపతి గాంధీ రోడ్డులోనో స్థానికుల కోసం తెరిచే షాపైతే నా ఓటు హాస్యగాడికి, వెనక రెండు పలకలకి. బడ్జెట్ ఇంకా ఉంటే ఊరేగింపుకి ఒక జత కీలుగుర్రాలు.

డబ్బు దగ్గర మస్కట్ చవకగా కనపడుతుంది. సూటు అద్దె, మారడానికి ఇద్దరు, చెయ్యి పట్టుకునేవాడు, ఆటో ఖర్చు కలిపి చూస్తే నలుగురి నాటకం జట్టుకి పెద్ద తేడా రాదు. జట్టును ఏజెన్సీ ద్వారా కాకుండా వాళ్ల మేస్త్రీతోనే (జట్టు పెద్దతోనే) మాట్లాడుకుంటే ఇచ్చిన రూపాయి వాళ్లకే అందుతుంది. బస్సు చార్జీలు, పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం మీవి. బిల్లు విషయంలో ఒక మెలిక ఉంది: జానపద కళాప్రదర్శనకు కళాకారుడు తీసుకునే పారితోషికం లక్షన్నర దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది కానీ, అదే కళాకారుడు బ్రాండ్ అంబాసిడర్‌గా చేస్తే ఆ మినహాయింపు వర్తించదు. రసీదులో ఏమని రాయాలో మీ ఆడిటర్‌ని ముందురోజే అడగండి, వేషం విప్పాక మేస్త్రీని నిలబెట్టి కాదు.