తిరుపతిలో ఒక దస్తావేజు లేఖరి ఆఫీసు: 'స్వాధీనం' దగ్గర టైపింగ్ ఆపించే పెద్దాయన

స్థలం రిజిస్ట్రేషన్ పని పడినవాళ్ళు డాక్యుమెంట్ ఎవరి దగ్గర రాయించాలని అడుగుతూ ఉంటారు కాబట్టి రాస్తున్నా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట జిరాక్స్ షాపుల వరసలో ఉండే చిన్న గది ఇది. డాక్యుమెంట్ రాసే పెద్దాయన పేరు, నంబరు ఇక్కడ పెట్టను, ఆయనకు ఇష్టం లేదు. ఐదుకి నాలుగు ఇస్తా.

మాది కరకంబాడి రోడ్డు వైపు 40 అంకణాల స్థలం. ఇప్పుడు అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది ఆరు నెలల్లో కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని మాట. మధ్యవర్తి ముందే ఎక్కడో కొట్టించిన అగ్రిమెంట్ తెచ్చాడు, 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద, అందులో 'ఈ దినమే సదరు స్థలమును మీకు స్వాధీనపరచడమైనది' అని ఒక లైను. కొనేవాడికి ఆ లైను చూస్తే ధైర్యంగానే ఉంటుంది. పెద్దాయన మాత్రం అక్కడ ఆగి, "ఏమప్పా, స్థలం నిజంగా ఇప్పుడే ఇస్తా ఉండారా, లేక ఊరికే రాసేసినారా?" అన్నాడు. మధ్యవర్తి నవ్వి "అందరూ రాసేదే కదా" అన్నాడు. ఆయన నవ్వలేదు.

సంగతేమంటే, మన రాష్ట్రంలో స్వాధీనం ఇచ్చినట్టు రాసిన అగ్రిమెంట్‌కి సేల్ డీడ్‌కి, అంటే అసలు అమ్మకం దస్తావేజుకి పడే స్టాంప్ డ్యూటీయే పడుతుంది. అది ఇప్పుడు కట్టేస్తే తర్వాత సేల్ డీడ్‌లో సర్దుతారు, అంతవరకు నష్టం లేదు. కానీ 100 రూపాయల పేపర్ మీద రాసి ఊరుకుంటే, రేపు తగాదా వచ్చినప్పుడు తక్కువ కట్టిన మేరకు డ్యూటీ, దానిమీద పది రెట్ల దాకా పెనాల్టీ కట్టేదాకా కోర్టు ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోదు. ఇక రెండోది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 53ఏ అని ఒక సెక్షన్ ఉంది, అగ్రిమెంట్ ప్రకారం స్వాధీనంలోకి వచ్చి, తన వంతు డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్న కొనుగోలుదారుని అమ్మినవాడు ఖాళీ చేయించలేడని. 2001 సవరణ తర్వాత ఆ రక్షణ కావాలంటే అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉండాలి. అంటే మధ్యవర్తి తెచ్చిన కాగితంతో డ్యూటీ భారం వస్తుంది, రక్షణ రాదు. పైగా అగ్రిమెంట్ ఎంత గట్టిగా రాసుకున్నా దానివల్ల స్థలం మీద హక్కు రాదు, హక్కు సేల్ డీడ్‌తోనే. అమ్మినవాడు మాట తప్పితే చెప్పిన గడువు నుంచి 3 ఏళ్ళలోపు కోర్టుకి పోవాలి, అంతే.

ఆ లైను తీసేసి 'పూర్తి సొమ్ము ముట్టి రిజిస్టర్ చేసిన దినమున స్వాధీనపరచగలము' అని మార్చి, అగ్రిమెంట్ రిజిస్టర్ కూడా చేయించమన్నాడు. ఖాళీ స్థలానికి స్వాధీనం ఎవరిదంటే హక్కు కాగితం ఉన్నవాడిదే అని కోర్టులు అనుకుంటాయట, కాబట్టి కంచె వేసుకుని ఫోటో దిగితే సరిపోదు. ఇల్లయితే ఇంకా చూసుకోవాలి, లోపల అద్దెకున్నవాళ్ళు ఎవరో కనుక్కోకుండా సంతకం పెట్టొద్దన్నాడు. స్వాధీన తనఖా సంగతీ చెప్పాడు, అప్పిచ్చినవాడే భూమి పట్టుకుని వడ్డీ కింద పంట తినేది, మన పల్లెల్లో పాతవాళ్ళకి బాగా తెలుసు.

నాకు బాగా నచ్చింది పక్కన కూర్చున్న చిత్తూరు బెల్లం వ్యాపారితో ఆయన అన్నది. సరుకు విషయంలో లెక్క వేరట. డబ్బు ముట్టకపోయినా, ఇద్దరూ అలా అనుకుని ఉంటే, సరుకు అమ్మినవాడి గోడౌన్‌లో ఉండగానే కొన్నవాడి సొంతమైపోవచ్చు. 1930 సరుకుల అమ్మకం చట్టం అది. అయినా అరువు ఒప్పుకోకపోతే డబ్బు ముట్టేదాకా మూటలు కదలనివ్వకుండా ఆపే హక్కు అమ్మినవాడికి ఉంది, అవి తన స్వాధీనంలో ఉన్నంతకాలమే. గోడౌన్ తాళంచెవి కొన్నవాడికి ఇచ్చేస్తే సరుకు అప్పజెప్పినట్టే, ఆ హక్కు పోయినట్టే. వ్యాపారి వెంటనే ఎవరికో ఫోన్ చేసి "తాళం ఇయ్యొద్దురా" అని అరిచాడు, గదంతా నవ్వులు.

ఒక పాయింట్ ఎందుకు తగ్గించానంటే, ఆయన చెప్పేది బంగారమే గానీ టైపింగ్ చేసే కుర్రాడు తొందరమనిషి. మా చెక్కుబందీలో, అంటే స్థలం హద్దుల్లో, తూర్పు, పడమర తారుమారు చేశాడు. ప్రింట్ తీసేముందు స్క్రీన్ మీద ఒక్కో అక్షరం చదవండి, సర్వే నంబరు ముఖ్యంగా. ఫీజు ముందే మాట్లాడుకోండి, రాసిన పేజీలను బట్టి కాదు, ఆస్తి విలువను బట్టి అడుగుతాడు, బేరమాడితే తగ్గుతాడు. రసీదు అడిగితేనే ఇస్తాడు. కూర్చోవడానికి చోటు లేదు, పొద్దున పదికి ముందే వెళ్తే నయం, ఆరోజు రిజిస్ట్రేషన్‌కి స్లాట్ ఉన్నవాళ్ళు వచ్చాక మనల్ని పట్టించుకోడు. ఈసీ (ఆస్తి మీద ఉన్న పాత లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాత డాక్యుమెంట్ల జిరాక్సులు చేతిలో లేకుండా వెళ్తే లోపలికి కూడా రానివ్వడు.