క్రాష్ ల్యాండింగ్ ఆన్ యు: ఊళ్లో ఉన్నంతసేపూ బంగారం, సియోల్ చేరాక సాగతీత

కొరియన్ సీరియళ్లు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎవరిని అడిగినా ముందు చెప్పే పేరు ఇదే. 2019 డిసెంబరు 14న టీవీఎన్ చానల్లో మొదలై 2020 ఫిబ్రవరి 16న ముగిసింది. మొత్తం 16 ఎపిసోడ్లు. చివరిదానికి 21.7 శాతం రేటింగు వచ్చింది. ఆ చానల్లో అప్పటికి అదే అత్యధికం. ఇదే రచయిత్రి పార్క్ జీ-ఉన్ రాసిన క్వీన్ ఆఫ్ టియర్స్ 2024లో వచ్చి దాన్ని దాటింది. రేటింగులు మొదటిసారి చూసేవాళ్ల మోజును చెబుతాయి. రెండోసారి, మూడోసారి చూసినప్పుడు ఏది నిలబడుతుంది, ఏది విసిగిస్తుంది అన్నది వేరే లెక్క. ఆ లెక్క తేల్చాలంటే కథ చివరిదాకా విప్పాల్సిందే కాబట్టి, ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆగడం మంచిది.

యూన్ సె-రీ (సన్ యే-జిన్) దక్షిణ కొరియాలో పెద్ద వ్యాపార కుటుంబంలో పుట్టి, సొంత కంపెనీ పెట్టుకున్న మనిషి. పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలికి చిక్కి సరిహద్దు అవతల చెట్టుకు వేలాడుతుంది. కింద కాపలాలో ఉన్న ఉత్తర కొరియా కెప్టెన్ రి జంగ్-హ్యోక్ (హ్యూన్ బిన్) మీదే పడుతుంది. నమ్మశక్యం కాదు, నిజమే. మొదటి ఎపిసోడ్ చూసి, ఇదేం గోల అని కట్టేసినవాళ్లు చాలామందే ఉంటారు. కనీసం రెండో ఎపిసోడ్ చివరిదాకా చూడాలి. రాత్రిపూట ఇళ్ల సోదా జరుగుతుండగా కెప్టెన్ పరుగున వచ్చి, ఆమె తనకు కాబోయే భార్య అని అందరి ముందూ ప్రకటించే సీన్‌తో సీరియల్ గాడిలో పడుతుంది.

అక్కణ్నుంచి తొమ్మిదో ఎపిసోడ్ దాకా ఈ కథకు అసలు హీరో, సె-రీ దాక్కున్న ఆ ఉత్తర కొరియా ఊరే. హాస్యమంతా లేమిలోంచి పుడుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మాంసం భూమిలో తవ్విన కొట్టులో, ఉప్పు జాడీలో ఉంటుంది. స్నానమంటే వంటింట్లో తొట్టి చుట్టూ ప్లాస్టిక్ షీటు కట్టి, ఆవిరి బయటికి పోకుండా చూసుకోవడం. బజారులో దక్షిణాది షాంపూలు, క్రీములు కౌంటరు కిందనుంచి వస్తాయి, వాటికి "కింది ఊరి సరుకు" అని ముద్దుపేరు. ఉత్తరం నుంచి వచ్చేసిన క్వాక్ మూన్-వాన్ అనే ఆయన రచనా బృందంలో పనిచేశాడు. ఇలాంటి వివరాలకు అంత ధీమా అందుకే వచ్చింది.

కొవ్వొత్తి సంగతే చూడండి. నిద్ర పట్టాలంటే సువాసన కొవ్వొత్తి కావాలని సె-రీ అడుగుతుంది. అతను మామూలు కొవ్వొత్తులు తెచ్చిపెడతాడు. కరెంటు పోయినప్పుడు వెలిగించేది కాక కొవ్వొత్తితో ఇంకేం పని అన్నది అతని లెక్క. అప్పటికి అది జోకు. నాలుగో ఎపిసోడ్ చివర చీకటి పడే వేళ ఆమె బజారులో తప్పిపోతుంది. జనం మధ్యలో అతను వెలిగించిన కొవ్వొత్తిని తలపైకి ఎత్తి పట్టుకుని నిలబడతాడు, ఈసారి సువాసనదే. ప్రేమ అన్న మాట ఎవరి నోటా రాదు. ఒక జోకును రెండు ఎపిసోడ్లు మోసుకొచ్చి ప్రేమ సీన్‌గా మార్చడం పార్క్ జీ-ఉన్ పనితనం. దాన్నే సెకండ్ హాఫ్‌లో ఆవిడ మర్చిపోయింది.

అయిదో ఎపిసోడ్ రైలు సీక్వెన్సు కూడా ఆ కోవలోదే. ప్యాంగ్యాంగ్ వెళ్లే రైలు కరెంటు లేక పొలాల మధ్య ఆగిపోతుంది. ప్రయాణికులు ఎవరూ కంగారుపడరు, ఇది రోజూ ఉండేదే అన్నట్టు దిగిపోతారు. ఎక్కణ్నుంచి వచ్చారో తెలియదు, దుప్పట్లు, తినుబండారాలు అమ్మేవాళ్లు బిలబిలమంటూ చుట్టుముడతారు. ఇద్దరూ చలిమంట దగ్గర రాత్రంతా గడుపుతారు. ఉత్తర కొరియాలో షూటింగ్ కుదరదు కాబట్టి రైలు భాగాన్ని మంగోలియాలో తీశారు. సీరియల్ మొత్తంలో కథ ఏమీ కదలని ఎపిసోడ్ ఇది, అయినా ఒక్క నిమిషం బోరు కొట్టదు.

ఊరి ఆడవాళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. కర్నల్ భార్య మా యంగ్-ఎ ముందు అందరూ చేతులు కట్టుకుంటారు. నా వల్-సుక్ (కిమ్ సన్-యంగ్) ఊళ్లో ఏ ఇంట్లో ఏం ఉడుకుతుందో చెప్పగలదు. వీళ్ల చాడీలు, ఎవరి మొగుడి హోదా ఎంతన్న పోటీలు, కష్టం వస్తే అన్నీ పక్కనపెట్టి ఒక్కటైపోవడం మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కెప్టెన్ కింద పనిచేసే నలుగురు సైనికుల్లో ప్యో చి-సు (యాంగ్ క్యంగ్-వాన్) సె-రీతో ఆడే మాటల యుద్ధం చివరిదాకా పదును తగ్గదు. ఆమెను కసిరేదీ అతనే, గిన్నె అడుగున పట్టిన అన్నం మాడును వేయించి పంచదార చల్లి పెట్టేదీ అతనే. అదే బృందంలో, దక్షిణాది సీరియళ్లు దొంగచాటుగా చూసి అక్కడి మాటలన్నీ ఒంటపట్టించుకున్న జు-మక్, సె-రీకి దుబాసీగా మారడం ఇంకో మంచి ఆలోచన.

మొదటిసారి పెద్దగా కంటికి ఆనని పాత్ర, మళ్లీ చూసినప్పుడు మీద పడేది మాన్-బోక్ (కిమ్ యంగ్-మిన్). ఇళ్లలో మాటలు చాటుగా వినడం అతని ఉద్యోగం. ఊళ్లో అతన్నీ అతని కొడుకునూ ఎలుక అని ఈసడిస్తారు. కెప్టెన్ వాళ్ల అన్నయ్య చావు వెనక ఉన్న నిజం అతనికి తెలుసని ఎరిగి మొదటి ఎపిసోడ్లకు తిరిగి వెళితే, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల దించుకుని కూర్చున్న ఆ మనిషి ముఖంలో ప్రతి కదలికా వేరేగా కనిపిస్తుంది.

నటన విషయానికొస్తే బండి లాగింది సన్ యే-జిన్. అహంకారం, ఆకలి, భయం ఒకే వాక్యంలో పలికించగలదు. హ్యూన్ బిన్ పాత్రకు మాత్రం ఒక లోపం ఉంది: లోపమే లేకపోవడం. చేత్తో నూడుల్స్ చేస్తాడు, కాఫీ గింజలు వేయించి పొడి కొడతాడు, పియానో వాయిస్తాడు, తుపాకీ పేలుస్తాడు, మందుపాతర మీద కాలు పడినా తొణకడు. అసూయపడే సీన్లు లేకపోతే దేవుడి పటంలా ఉండిపోయేవాడు. వీళ్లిద్దరూ 2022 మార్చిలో నిజంగానే పెళ్లి చేసుకున్నారు కాబట్టి ఇప్పుడు చూసేవాళ్లు కెమిస్ట్రీకి కొన్ని మార్కులు ఊరికే కలిపేస్తారు. ఆ మార్కులు తీసేసినా జంట బాగుంటుంది.

పదో ఎపిసోడ్‌తో సె-రీ సియోల్ చేరుతుంది, కెప్టెన్ సొరంగంలోంచి ఆమె వెనకే వస్తాడు. సొరంగంలోంచి వచ్చి సియోల్ వీధుల్లో సూటు వేసుకుని తిరిగేస్తాడు! అక్కణ్నుంచి సె-రీ అన్నల వారసత్వపు గొడవ, వదిన కో సాంగ్-ఆ కుట్రలు, చో చల్-గాంగ్ అనే విలన్ ప్రతి మూలా ప్రత్యక్షం కావడం. మన డైలీ సీరియల్ అలవాటున్న ఎవరికైనా ఈ ట్రాక్ ముందే తెలిసిపోతుంది. విలన్‌కు కోపం తప్ప ఇంకో ముఖం లేదు. ఆరో ఎపిసోడ్లో సె-రీ కోసం కెప్టెన్‌కు తూటా, పదమూడో ఎపిసోడ్లో అతని కోసం ఆమెకు తూటా. అతను ఆసుపత్రిలో, ఆమె ఆసుపత్రిలో, మళ్లీ ఆమె ఆసుపత్రిలో. వేయించిన చికెన్ బ్రాండు ప్రచారం ఎంత బాహాటంగా ఉంటుందంటే, సైనికులు లొట్టలేస్తుంటే స్పాన్సరు లెక్క కళ్ల ముందు కదులుతుంది. యాదృచ్ఛికాల సంగతి సరేసరి. స్విట్జర్లాండ్‌లో వంతెన మీద ఒకసారి, సరస్సు ఒడ్డున పియానో వినిపించి ఒకసారి, ఇద్దరూ ముందే ఎదురుపడ్డారట. ఒక్కటి చాలు. ప్రేక్షకులకు మాత్రం అదీ నచ్చింది. ఇజెల్ట్‌వాల్డ్ గ్రామంలో పియానో వినిపించిన ఆ చెక్క రేవు మీద ఫొటో దిగాలంటే ఇప్పుడు 5 ఫ్రాంకులు కట్టాలి.

ఈ భాగంలో ఒక్కటి మాత్రం గట్టిది: సవతి తల్లి (బాంగ్ ఉన్-జిన్) ట్రాక్. చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున తనను వదిలేసి వెళ్లినావిడతో సె-రీకి మిగిలిన లెక్క, వారసత్వపు రభసలో నలిగిపోకుండా నిదానంగా తేలుతుంది.

కెప్టెన్‌కు పెద్దలు కుదిర్చిన పెళ్లికూతురు సొ దాన్, దక్షిణం నుంచి పారిపోయి ఉత్తరంలో దాక్కున్న గు సంగ్-జున్, ఈ జంట విషయంలో అభిమానుల కోపం న్యాయమైనదే. మోసగాడూ, మొండి పిల్లా కలిసి రామెన్ తింటూ మొదలైన కథ, అసలు జంట కన్నా సహజంగా పెరిగింది. విమానం ఎక్కి పారిపోగలిగినవాడు ఆమె కోసం వెనక్కి వచ్చి చనిపోతాడు. ఆ చావువల్ల కథలో కదిలింది చాలా తక్కువ. మెయిన్ జంటకు సగం సంతోషం ఇవ్వడం కోసం ఇంకెవరితోనో బాకీ తీర్పించినట్టు ఉంటుంది.

ఉత్తరాన్ని మరీ అందంగా చూపించారని 2020 జనవరిలో దక్షిణ కొరియాలో ఒక పార్టీ పోలీసులకు ఫిర్యాదు కూడా చేసింది. వీధి పిల్లలు, సోదాలు, దొంగచాటుగా వినే వ్యవస్థ తెరమీద ఉన్నాయి, కానీ వాటి వెనక ఉన్న నిర్బంధ శిబిరాల జోలికి కథ పోదు. ఇది హాస్యకథ అన్న సాకు కొంతదూరమే పనిచేస్తుంది. భయం మనుషుల్ని ఏం చేస్తుందో నిజాయితీగా చూపించింది మాన్-బోక్ పాత్ర ఒక్కటే.

చూసే పద్ధతి గురించి. ఒక్కో ఎపిసోడ్ గంటా పది నిమిషాల పైనే, చివరిది దాదాపు సినిమా అంత. మొత్తం ఇరవై గంటలు దాటుతుంది. ఒక్క వారాంతంలో ముగించాలనుకుంటే పన్నెండో ఎపిసోడ్ దగ్గర నీరసం తప్పదు, వారానికి నాలుగు చొప్పున సరిపోతుంది. ఎపిసోడ్ అయిపోయిందనుకున్నాక చిన్న ఎపిలాగ్ ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ తర్వాతి ఎపిసోడ్‌కు లాక్కుపోయే లోపు రిమోట్ చేతిలో పెట్టుకోండి. పాత సంఘటనల ముడులు చాలావరకు అక్కడే విప్పుతారు, అవి వదిలేస్తే స్విట్జర్లాండ్ ఫ్లాష్‌బ్యాకులు ఇంకా అతుకులబొంతగా కనిపిస్తాయి. ఇంట్లో పిల్లలతో కూర్చుని చూడొచ్చు. ముద్దులు రెండు మూడు, తుపాకీ కాల్పులు మాత్రం సెకండ్ హాఫ్‌లో ఎక్కువ.

రెండోసారి చూసేవాళ్లు తొమ్మిదిదాకా ఒక్క నిమిషం కూడా దాటవేయొద్దు. పది నుంచి పదిహేను దాకా అన్నల ఆఫీసు సీన్లు, విలన్ ఫోన్ సంభాషణలు మొహమాటం లేకుండా ఫార్వర్డ్ చేసేయండి. చి-సు బృందం సియోల్‌లో అడుగుపెట్టినప్పటినుంచి వాళ్లు కనిపించిన చోటల్లా ఆగండి. జు-మక్ తన అభిమాన నటి చోయ్ జీ-వూను ఎదురుగా చూసి నోరు పెగలక నిలబడిపోయే సీన్ కూడా అందులోనే ఉంది.