విజయనగరంలో వాహన బీమా శాఖ: సేవ బాగుంది, లెక్క చెప్పలేదు

విజయనగరంలోని ఒక బీమా శాఖలో మా మోటారు సైకిలుకు ఏళ్లుగా పాలసీ తీసుకుంటున్నాను. నిరుడు గంట్యాడ దారిలో ఆటో ఢీకొని మా తమ్ముడి కాలు విరిగినప్పుడు, పరిహారం ఆటో బీమా నుంచే రావాలని, 2022 ఏప్రిల్ నుంచి అమలైన మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం, ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు అర్జీ వేయాలని అక్కడి గుమస్తాగారు ఓపికగా వివరించి, ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు వరుసగా పెట్టించారు. ఆ మేలు మరువలేను.

ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం ఒక దళారి, లేని వైకల్యాన్ని కాగితాల మీద రాయిస్తానని, వచ్చినదానిలో మూడో వంతు తనకివ్వాలని అడిగాడు. మేము ఒప్పుకోలేదు. అలాంటి దొంగ క్లెయిముల వల్లనే నిజంగా దెబ్బతిన్నవారి ఫైళ్లు కూడా అనుమానంతో ఆగిపోతాయి, ప్రీమియం భారం అందరి మీదా పడుతుంది.

శాఖలో నాకు కనిపించిన లోపం ఒకటే. థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టం) రేటు కేంద్రం నిర్ణయించేదే గానీ, ఓన్ డ్యామేజీ (మన బండికే జరిగే నష్టం) రేటు బీమా సంస్థదే. అది ఈసారి ఎందుకు పెరిగిందో అడిగితే సమాధానం రాలేదు. ఆ లెక్క రసీదుతోపాటే ఇవ్వాలి.