అరకు అద్దాల రైలు: ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

విశాఖపట్నం–కిరండోల్ రైలుకు తగిలించే విస్టాడోమ్ బోగీనే మనవాళ్లు అద్దాల రైలు అంటారు. ఇది 2017 ఏప్రిల్‌లో మొదలైంది. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లకు దీని గురించి ముందుగా వచ్చే సందేహం ఒకటే: లాప్‌టాప్ వెంట పెట్టుకుంటే ఆ రోజు సెలవు మిగులుతుందా? మిగలదు. శుభ్రంగా సెలవు పెట్టేసి ఎక్కండి.

రైలు పొద్దున్నే ఏడు లోపు విశాఖలో బయల్దేరుతుంది. అరకు దాదాపు 130 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. కొత్తవలస, శృంగవరపుకోట వరకు మైదానమే కాబట్టి ఫోన్ బాగానే పలుకుతుంది. బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి వరసగా సొరంగాలు. కొత్తవలస–కిరండోల్ మార్గం మొత్తం మీద 58 ఉన్నాయి. సొరంగంలోకి దూరగానే బోగీలో పిల్లలంతా ఒక్కసారి కేకేస్తారు, మీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయమవుతాయి. బయటికొచ్చి గీత కనబడేలోపు ఇంకో సొరంగం. ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రంగా కలిపే వీపీఎన్ తెగినప్పుడల్లా ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ రావడానికీ సిగ్నలే కావాలి. పైగా కప్పు కూడా అద్దమే. ఎండెక్కాక లాప్‌టాప్ తెరలో మీ మొహం, మీద ఆకాశం తప్ప అక్షరాలు కనబడవు.

పని పక్కన పెడితే మాత్రం ఈ బోగీకి పూర్తి మార్కులు వేయాల్సిందే. సీట్లు గుండ్రంగా తిరుగుతాయి, లోయ ఎటుంటే అటు తిప్పుకోవచ్చు. బోగీ ఒక కొసన నిలబడి చూసేందుకు పెద్ద అద్దంతో కొంత చోటు వదిలారు. బోగీని రైలు చివర తగిలిస్తేనే అక్కడి నుంచి వెనక్కి జారిపోయే పట్టాలు, సొరంగం నోరు కనబడతాయి. చిమిడిపల్లి నుంచి బొర్రా గుహలు స్టేషన్ దాకా వంపులు ఎక్కువ, ఆ కాసేపు ఫోన్ జేబులోంచి తీయకండి. ఇంట్లో పనిచేసేవాళ్లకు ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారి అంటూ ఉండదు. పడకగదికీ పనికీ మధ్య తలుపొక్కటే. ఎవరూ పిలవలేని కొన్ని గంటలు వాళ్లకు నిజంగా అవసరం.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. శని, ఆదివారాల జోలికి పోనక్కర్లేదు. కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా వారాంతాల్లో ఈ బోగీలో సీటు దొరకడం కష్టం, అరకులో గదుల ధరలూ పెరుగుతాయి. మంగళవారం సెలవు పెట్టి రైల్లో వెళ్లి, బుధ, గురువారాలు అక్కడి నుంచే పనిచేసి, శుక్రవారం మళ్లీ సెలవు పెట్టి అనంతగిరి కాఫీ తోటలు చూసుకుంటూ రోడ్డు మీదుగా దిగండి. రెండు సెలవులతో నాలుగు రోజులు కొండ మీద గడుస్తాయి. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. ఐఆర్‌సీటీసీలో విస్టాడోమ్ తరగతి ఎంచుకోవడం మరిచిపోతే అదే రైల్లో మామూలు బోగీ టికెట్ వస్తుంది.

గది తీసుకునేటప్పుడు వైఫై ఉందా అని అడిగితే అందరూ ఉందనే చెబుతారు. అది కాదు అడగాల్సింది. కరెంటు పోతే జనరేటర్ గదిలోని ప్లగ్గులకు కూడా వస్తుందా, లైటు, ఫ్యాను వరకేనా? రౌటర్‌కు బ్యాకప్ ఉందా? కొండల్లో గాలివానకు కరెంటు పోవడం మామూలే. లాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉన్నా రౌటర్ ఆగితే మీటింగ్ ఆగినట్టే. మీరు దిగే గదిలోనే స్పీడ్ టెస్ట్ చేసి వీడియో పంపమనండి. డౌన్‌లోడ్ సంగతి తర్వాత, అప్‌లోడ్ 3 ఎంబీపీఎస్ దాటిందో లేదో చూడండి. మీ గొంతు, బొమ్మ అవతలికి వెళ్లేది దాని మీదే. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. గంట వీడియో కాల్‌కు దాదాపు ఒక జీబీ పోతుంది కాబట్టి రోజుకు 2 జీబీ ప్యాక్ మధ్యాహ్నానికే అయిపోతుంది. అదనపు డేటా ముందే వేయించుకోండి. హోటల్ బల్లలు చాలావరకు పొట్టివి, కుర్చీలకు వీపు ఆనదు. మడిచే లాప్‌టాప్ స్టాండ్, విడి కీబోర్డు తెచ్చుకుంటే మెడ బతుకుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఈ లైను వేసింది ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి. ఇప్పటికీ గూడ్సు బండ్లు ఎక్కువే, రెండో లైను పనులూ జరుగుతున్నాయి. అందుకే ఆలస్యానికి సిద్ధపడాలి. వానాకాలంలో కొండచరియలు విరిగి పడితే రైలు రద్దు చేయడమో, దారి మళ్లించడమో జరుగుతుంది. ముందురోజు రాత్రి రైలు స్థితి చూసుకోండి. తిరుగు ప్రయాణం కూడా రైల్లోనే పెట్టుకుంటే ఘాట్ దిగేసరికి, ముఖ్యంగా చలికాలంలో, చీకటి పడుతుంది. అద్దాల బోగీకి పెట్టిన డబ్బు వెళ్లేటప్పుడే గిట్టుబాటవుతుంది.

బుధవారం పొద్దున తొమ్మిదికి మీటింగ్ ఉంటే మంగళవారం సాయంత్రమే గదిలో అయిదు నిమిషాలు కాల్ చేసి చూసుకోండి. ఆ తర్వాత లాప్‌టాప్ మూసేసి, ఓ కప్పు అరకు కాఫీ తెప్పించుకోండి.